బ్యాటరీల లైఫ్ సర్టిఫికెట్

బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాల్సిన ప్రాణులు ఈ దేశంలో పింఛనుదారులేనని ఇన్నాళ్లూ అనుకున్నాం. కార్ఖానా బస్తీలోని ఒక ఫ్లాట్‌లో ఈ నిబంధనను రీఛార్జబుల్ బ్యాటరీలకూ వర్తింపజేశారు.

వర్తింపజేసింది రాఘవేందర్. పింఛన్ల ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాడు (ఆఫీసు ఆయన్ని వదిలింది, ఆయన ఆఫీసును వదల్లేదు). ప్రతి బ్యాటరీకి ఒక నంబరు, రిజిస్టర్లో ఒక పేజీ. టార్చిలో వేస్తే నిమిషం వెలగాలి. వెలిగితే సజీవం. వెలుగు మసగ్గా ఉన్నా వెలుగే. సజీవంగా ఉన్న బ్యాటరీ స్థానంలో కొత్తది నియమించరాదు. కొత్త ప్యాకెట్ బీరువాలో ఉంది, తాళం ఆయన దగ్గరుంది.

ఇంతలో ఆయన భార్య కల్పలతకు కళ్లు తిరిగాయి. డాక్టర్ ప్రిసిల్లా పదిరోజుల బీపీ చార్టు రాసుకు రమ్మంది. దాన్ని చూశాకే మాత్ర మార్చాలో వద్దో చెబుతానంది.

మూడోరోజు బీపీ మిషన్ పట్టీ సగం ఉబ్బి ఆగిపోయింది.

"ఏందండీ ఇది? రాత్రంత చార్జింగ్ పెట్టినా ఒక్కపారి సుత చూస్తలేదు. జెర కొత్తవి తియ్యిండ్రి."

రాఘవేందర్ మిషన్‌లోని నాలుగు బ్యాటరీలనూ టార్చిలో పరీక్షించాడు. మసగ్గా వెలిగాయి.

"పానమున్నదాన్ని ఎట్ల పారేస్తమే?"

"టార్చికి సరిపోతది. మిషన్ల మోటరుంటది, దానికి సాలుతలేదు. నా పానం సంగతేంది మరి?"

"దరఖాస్తు రాసియ్యి. చూస్తం."

ఆమె రాసిచ్చింది. (కాగితానికి మార్జిన్ వదల్లేదని ఒకసారి తిప్పి పంపాడు.) చార్టులో మిగిలిన ఎనిమిది గళ్లలోనూ ఒకటే మాట: "పరిశీలనలో ఉంది."

పదకొండో రోజు ప్రిసిల్లా ఆ చార్టు చదివి, తన మిషన్ పట్టీ చుట్టింది. నూటతొంభై బై నూటపది. కల్పలతను అప్పటికప్పుడు వార్డులో చేర్చుకుంది.

"ఎప్పట్నుంచి ఉంది?" అనడిగింది, కేస్ షీటు తీస్తూ.

రాఘవేందర్ చంకలోని రిజిస్టర్ తెరిచి, చకచకా పేజీలు తిప్పాడు.

"ఈ నాలుగు రెండువేల పదమూడు నుంచి ఉన్నయ్ మేడం. ఆమెకు ఇంకా పేజీ తెరవలే."