పదును లేని కత్తి వల్ల లాభాలు

ఇంటికి మొద్దు కత్తిని మించిన ఉపకారి లేదని నేను కొంతకాలంగా గమనిస్తున్నాను. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నేను బడిపంతుల్ని. రుజువు లేకుండా మాట్లాడే అలవాటు లేదు.

ముందు కత్తి సంగతి చెప్పాలి. జేబులో పట్టే మడత కత్తి. బస్టాండులో దువ్వెనల పక్కన, తాళాల పక్కన పళ్ళెంలో పరిచి అమ్మే రకం. ఎర్ర ప్లాస్టిక్ పిడి. అందులో ఒకవైపు రేకు ఎప్పుడో ఊడిపోతే నా భార్య దానికి కరెంటు టేపు చుట్టింది. కత్తి ఆమెదే. పొద్దున్నే నా ఎర్ర పెన్సిల్ చెక్కి చొక్కా జేబులో పెట్టడం, పార్సిళ్ళు విప్పడం, ఆపిల్ తొక్క తియ్యడం, అన్నీ దానితోనే. మొన్న వేసవిలో ఆమె పోయింది. కత్తి నా చేతికొచ్చింది. వచ్చిన రోజు నుంచీ కొయ్యడం మానేసింది.

లాభాలు అక్కడి నుంచే మొదలు.

మొదట పెన్సిల్ మొద్దుబారింది. ముక్కు సన్నగా ఉన్న రోజుల్లో పిల్లల జవాబు పత్రాల్లో ప్రతి తప్పు పక్కనా చిన్న అక్షరాలతో ఏదో ఒకటి రాసేవాణ్ణి. ఇప్పుడు గీత పెడితే వేలెడు లావున పడుతోంది. అంత లావు గీతతో "ఇక్కడ నీ వాక్యం పూర్తి కాలేదు, మళ్ళీ చదువుకో" అని రాయడం ఎవరి తరం? టిక్కు పెట్టడమొకటే కుదురుతుంది. కనుక టిక్కు పెడుతున్నాను. క్లాసు క్లాసంతా పాసైంది. హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను గదిలోకి పిలిచి, "ఈ మధ్య మీ బోధనలో మంచి మార్పు కనిపిస్తోంది మాస్టారూ" అన్నారు. ఇన్నేళ్ళ చాకిరీకి రాని మెప్పు మొద్దు పెన్సిల్‌కి వచ్చింది. బడికొక మొద్దు కత్తి సరఫరా చేస్తే దేశంలో ఫెయిలయ్యేవాడు మిగులుతాడా?

ఆరోగ్యం మాటకొద్దాం. నేను ఆపిల్ కొయ్యబోతే కత్తి తిన్నగా దిగి, మధ్యలో మనసు మార్చుకుని పక్కకి పోతుంది. ఒక ముక్క కాగితమంత పల్చన, ఇంకోటి తలుపుకి అడ్డం పెట్టుకునేంత మందం. విసిగి, కాయ కాయంతా తొక్కతోనే కొరుక్కు తింటున్నాను. సత్తువంతా తొక్కలోనే ఉంటుందని డాక్టర్లు మొత్తుకుంటున్నది ఇందుకే కదా.

ఇదే వరసలో ఇంకొక సౌకర్యం. కత్తికి సంబంధం లేదు గానీ చెప్పేస్తాను. మా ఆవిడది ఎడమచేతి వాటం. బల్ల దగ్గర ఎప్పుడూ నా కుడిపక్కనే కూర్చునేది. చెంచా ఎత్తినప్పుడల్లా ఆమె ఎడమ మోచెయ్యీ నా కుడి మోచెయ్యీ పోట్లాడుకునేవి. కాస్త జరగమంటే, "మీరే జరగండి" అనేది. ఇద్దరిలో ఎవరమూ జరిగిన పాపాన పోలేదు. ఇప్పుడు బల్లంతా నాదే. ఎంత విశాలంగా ఉందో చెప్పలేను.

రిపేరుకి ప్రయత్నించలేదనుకోకండి. ఇనప సామాను కొట్టుకి తీసుకెళ్ళాను. కొట్టాయన దాన్ని చచ్చిన బల్లిని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"దీనికి రిపేరేంటి మాస్టారూ? అవతల పారేసి ఇదిగో, ఈ రకం తీసుకోండి. పోయినా బాధుండదు, ఇంకోటి కొనుక్కోవచ్చు."

పోయినా బాధుండని వస్తువు! ఇంత గొప్ప సిద్ధాంతం మన పెద్దవాళ్ళకి తట్టలేదు. దీన్ని బడికి కూడా వర్తింపజేయాలని నా మనవి. కూడికలు రాని పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నేర్పడం దేనికి? తల్లిదండ్రులకు వాపసిచ్చి, కొత్తవాణ్ణి తెమ్మంటే సరి. వారంటీ ఉంటే మరీ మంచిది.

అయినా పాత బుర్ర ఊరుకోదు. ఒక సాయంత్రం నేనే పూనుకున్నాను. కీలు దగ్గర పేరుకున్న మట్టిని పాత టూత్‌బ్రష్‌తో తోమాను. ఆమె కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేశాను. వదులైన రివెట్‌ని తూకపు రాయి మీద ఆనించి సుత్తితో మెల్లగా తట్టాను. కత్తి అలుగు అటూ ఇటూ కదలడం ఆగింది. దీపం కింద పెట్టి చూస్తే ఒక విచిత్రం కనిపించింది. అలుగు ఒకవైపు మాత్రమే అరిగి తెల్లగా మెరుస్తోంది. రెండోవైపు కొన్ననాటి నలుపు అలాగే ఉంది. ఆమె వీధి మెట్టు మీద కూర్చుని కత్తి నూరుకునేది. ఎప్పుడూ ఒకవైపే నూరిందన్నమాట.

ఈ సంగతి మా బావమరిది చెవిన వేశాను. నోరు ఊరుకోదు కదా.

"అక్క అన్నీ హడావిడే బావా. ఒకవైపు రుద్ది లేచిపోయుంటుంది. ఆదివారం నేను కరెంటు మెషిన్ తెస్తాను. రెండువైపులా సమంగా తీసేద్దాం. రెండు నిమిషాల పని, కొత్తదానిలా అయిపోతుంది."

సమంగా తీసేస్తే ఏం పోతుందో అతనికి చెప్పలేకపోయాను. ఇంట్లో ఆమె ఫోటో ఉంది, బట్టలున్నాయి. ఆమె చెయ్యి ఎటు కదిలేదో చూపించేది మాత్రం ఆ ఒకవైపు అరుగుదల ఒక్కటే. ఇలాంటి మాట వయసొచ్చిన మనిషి బావమరిదితో ఏ నోటితో అంటాడు? సరేనన్నాను.

ఆదివారం అతను మెషిన్‌తో దిగాడు. పొరుగూళ్ళో ఉద్యోగం చేసే మా అమ్మాయి కూడా వచ్చింది. మెషిన్ గట్టి ప్లాస్టిక్ డొప్పలో, నాలుగువైపులా అతికించి ఉంది. కత్తికి పదును పెట్టే యంత్రం. పదునైన కత్తి లేనిదే తెరుచుకోని ప్యాకింగు. పదునున్నవాడికి అది అక్కర్లేదు, లేనివాడికి అది దక్కదు. ఇంత పక్షపాతం లేని ఏర్పాటు మీరెక్కడైనా చూశారా?

బావమరిది గోళ్ళతో లాగాడు. బండి తాళంచెవితో పొడిచాడు. చివరికి పంటి కింద పెట్టాడు.

"పళ్ళు జాగ్రత్త. వాటికి మెషిన్ లేదు" అన్నాను.

"ఎగతాళి తర్వాత. ఆ కత్తే ఇలా పడెయ్యి బావా."

ఇచ్చాను. కత్తి ప్లాస్టిక్ మీద జారి, పక్కకి పోయి బల్ల మీద గీత పెట్టింది.

"చూశావా? అందుకే అన్నాను, పనికిమాలిన కత్తని."

మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చింది. "ఇటివ్వు మామయ్యా" అని కత్తి తీసుకుని వీధి మెట్టు మీద కూర్చుంది. మెట్టు రాయి మీద నాలుగు నీటిచుక్కలు చిలకరించి, ఎడమచేత్తో నూరడం మొదలుపెట్టింది. ఆ చేతివాటం తల్లిదే.

"ఒకవైపే రుద్దుతావేంటే? తిప్పు" అన్నాడు బావమరిది.

"తిప్పకూడదు. ఇది ఎడమచేతి కత్తి. అమ్మ దీన్ని తన చేతికి తగ్గట్టు నూరుకుంది."

"కత్తికి చేతులేంటే? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"కుడిచేత్తో పడితే పక్కకి పోతుంది. ఇప్పుడు నీకు పోయిందిగా. నాన్నకీ పోతూ ఉంటుంది. అవునా నాన్నా?"

నేను ఆపిల్ ముక్కల గురించి ఆలోచిస్తున్నాను. తల ఊపాను.

అమ్మాయి లోపలికొచ్చి డొప్ప మీద ఒక్క గీత గీసింది. అది రెండుగా విచ్చుకుంది. మెషిన్ బయటపడింది. ముగ్గురం దానివైపు కాసేపు మర్యాదగా చూశాం. బావమరిది అట్ట తిప్పి చదివాడు. తెరిచినది వాపసు తీసుకోరట.

"ఇప్పుడిది దేనికి బావా?"

"వదిలి వెళ్ళు. తలుపుకి అడ్డం పెట్టుకుంటాను."

పాఠకులు క్షమించాలి. మొద్దు కత్తి లాభాల గురించి పైన రాసినదంతా వెనక్కి తీసుకుంటున్నాను. అమ్మాయి వెళ్ళేలోపు నా పెన్సిళ్ళన్నీ చెక్కిపెట్టింది. రేపటి నుంచి క్లాసులో కొందరికి కష్టకాలం. ఇక కొట్టాయనకి ఒక్క మాట: పోయినా బాధుండని రకం మీ దగ్గరే ఉంచుకోండి. మా ఇంట్లో వాడకం లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మాయి బల్ల దగ్గర నా కుడిపక్కన కూర్చుని ఆపిల్ తొక్క తీసింది. ఎక్కడా తెగకుండా పొడుగ్గా జారి పళ్ళెంలో చుట్టలు చుట్టుకుంది. ఆమె మోచెయ్యి వచ్చి నా మోచేతికి గట్టిగా తగిలింది.

"కాస్త జరుగు నాన్నా."

"నువ్వే జరుగు" అన్నాను.

ఇద్దరం జరగలేదు.