అలాస్కా సమారాధన

“పురప్రజలకు విన్నపం. ప్రముఖ స్టోన్ క్రషర్ యజమాని, దానశీలి శ్రీ మల్లికార్జున గారు సకుటుంబంగా అలాస్కా దేశపు మంచుకొండలను సందర్శించి, దిగ్విజయంగా తిరిగి వచ్చిన శుభసందర్భంగా వారికి ఇదే మా హార్దిక స్వాగతం” అని నరసరావుపేట బస్టాండు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది.

అప్పటికి మల్లికార్జున గారు ఇంట్లోనే ఉన్నారు. సూట్‌కేసులు ఇంకా అటక మీది నుంచి దించలేదు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మన ఊళ్ళో ముందు ఫ్లెక్సీ, తర్వాత కార్యం. కార్యం జరిగాక ఫ్లెక్సీ కట్టేవాడు వెనకబడినవాడి కింద లెక్క.

ఫ్లెక్సీలో మల్లికార్జున గారు నల్ల కళ్ళద్దాలతో నమస్కరిస్తున్నారు. వెనక మంచుకొండ. పక్కన ఆయనకు దండ వేయడానికే లేచినట్టు ఒక తిమింగిలం. కాళ్ళ దగ్గర వరసగా పెంగ్విన్లు. ఓ మూల ఆయన భార్య సుబ్బరత్నం పట్టుచీరలో ఎటో చూస్తోంది. ఆ ఫొటో ఎవరిదో పెళ్ళిలో, ఆమె వంటవాళ్ళ వైపు చూస్తుండగా తీసినది. కానీ సంగతి తెలిసినవాళ్ళకు ఆమె కాశీ వైపు చూస్తున్నట్టు తోచింది.

సంగతి ఏమిటంటే, అంతకు ముందటి ఏడు మల్లికార్జున గారికి క్రషర్ దగ్గరే గుండెనొప్పి వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ఆయన గుండెకు స్టెంటు వేస్తుంటే, బయట బల్ల మీద కూర్చుని సుబ్బరత్నం మొక్కుకుంది. “విశ్వనాథా! ఈయన లేచి కూర్చుంటే, ఇద్దరం వచ్చి నీ గంగలో మునుగుతాం.” ఆయన లేచి కూర్చున్నారు. కూర్చున్న వెంటనే ఇడ్లీలోకి కారప్పొడి అడిగారు. విశ్వనాథుడి పని అంతటితో అయిపోయింది. మిగిలింది వీళ్ళ పని.

“కాశీకి ఎప్పుడు పోదామండీ?” అని ఆమె అడిగినప్పుడల్లా ఆయన దగ్గర ఒకటే సమాధానం ఉండేది.

“కాశీకి ఎవురైనా పోతారే. మన మౌలాలీ బస్సు తోలుకోని ఏటా పోయొస్తానే ఉన్నాడు. కాశీ పొయ్యొచ్చి ఫ్లెక్సీ ఏస్తే జనం నవ్వరా?”

మౌలాలీ ఒకప్పుడు వీళ్ళ టిప్పర్ తోలినవాడు. ఇప్పుడు యాత్రల బస్సు నడుపుతున్నాడు. పేట మొత్తం మీద గంగలో ఎక్కువసార్లు మునిగిన మనిషి ఎవరయ్యా అంటే ఆయనే. యాత్రికులు స్నానాలకు దిగినప్పుడు ఎండకు తాళలేక తనూ దిగుతాడు. పుణ్యం సంగతి ఆయన ఏనాడూ వాకబు చెయ్యలేదు.

ఇదిలా ఉండగా క్రషర్ యజమానుల సంఘం అధ్యక్షుడు పిచ్చియ్య గారు స్విట్జర్లాండ్ వెళ్ళి వచ్చారు. భుజం మీద మంచు పడుతున్న ఫొటోతో ఫ్లెక్సీ కట్టించారు. ఆ రోజు నుంచీ మల్లికార్జున గారికి అన్నం సయించలేదు. అంతకంటే ఎక్కువ మంచు ఎక్కడ ఉంటుందో ఫోన్లో వెతకమని కొడుకు దుర్గాప్రసాద్‌కు పురమాయించారు. అలాస్కా అని తేలింది. ఓడలో ప్రయాణం, వన్యప్రాణుల వీక్షణం, మంచునదుల దర్శనం, మూడు పూటలా భోజనం.

“మరి మొక్కో?” అంది సుబ్బరత్నం.

ఆ ధర్మసందేహాన్ని పురోహితులు త్రికోటేశ్వర శర్మగారు ఒక్క ఉపమానంతో తీర్చేశారు. “అమ్మా, మంచు ఉన్నచోట శివుడు ఉంటాడు. కరిగితే అదే గంగ. కాశీలో ఉన్నది కరిగిన గంగ. అక్కడున్నది గడ్డకట్టిన గంగ. మజ్జిగ తాగుతానని మొక్కుకున్నవాళ్ళకి గడ్డపెరుగు పెడతామంటే ఎవరన్నా వద్దంటారా?”

సుబ్బరత్నం పెద్దల మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. అయితే మజ్జిగ అని మొక్కుకుంటే మజ్జిగే తాగాలేమోనని ఆమెకు లోపల ఎక్కడో అనిపించింది. అనిపించినదాన్ని పచ్చళ్ళతోపాటు సూట్‌కేసులో సర్దుకుని బయలుదేరింది.

ఓడ ఎక్కాక ఆమె మొదట వెతికింది నీళ్ళ కోసం. లోపల లిఫ్టులున్నాయి, నగల కొట్లున్నాయి, పాటకచేరీ ఉంది. సముద్రం ఎటువైపు ఉందో మాత్రం దారి అడిగి వెళ్ళాల్సి వచ్చింది. భోజనశాలలో జనం ఆకలి వేయకపోయినా ఆపకుండా తింటున్నారు. మన పెళ్ళిళ్ళలాగే ఉందని ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది.

తినేముందు కాకికి ముద్ద పెట్టడం ఆమెకు పుట్టింటి నుంచి వచ్చిన అలవాటు. గది బాల్కనీ కమ్మీ మీద పెరుగన్నం ముద్ద పెట్టింది. కోడిపుంజంత కాకి వచ్చి వాలింది. వెనకే ఓడవాళ్ళూ వచ్చారు.

“అత్తయ్యా, వన్యప్రాణులకి తిండి పెట్టగూడదంట. అరుస్తన్నారు వాళ్ళు” అంది కోడలు దీపిక.

“కాకి వన్యప్రాణి ఏంది తల్లీ? పెద్దోళ్ళు గదా” అంది సుబ్బరత్నం. ఆ కుటుంబం చూసిన మొదటి వన్యప్రాణి అదే. ఫ్లెక్సీలో లేదు కాబట్టి దానికి ఎవరూ ఫొటో తియ్యలేదు.

మల్లికార్జున గారి దృష్టి అంతా పెంగ్విన్ల మీద ఉంది. పైడెక్కు మీద మైకు పట్టుకుని జంతువుల గురించి వివరించే అమ్మాయిని కొడుకు చేత అడిగించారు. పెంగ్విన్లు ఇక్కడ ఉండవు, భూగోళానికి అవతలి కొసన ఉంటాయి అని ఆమె చెప్పింది.

“ఫ్లెక్సీ కట్టేశాం గదమ్మా. ఇప్పుడు చెబితే ఎట్టా?” అని ఆయన నొచ్చుకున్నారు. ఆ ముక్కను దుర్గాప్రసాద్ ఇంగ్లీషులోకి మార్చలేదు.

మర్నాడు పొద్దున ఓడ మంచుకొండల మధ్యకు వెళ్ళి ఆగింది. తెల్లగా ఉంటుందనుకుంది సుబ్బరత్నం. కాదు, నీలంగా ఉంది. శివుడి కంఠం రంగు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంతలో ఒక చరియ విరిగి సముద్రంలో పడింది. కాసేపటికి ఉరుము ఉరిమినట్టు చప్పుడు. డెక్కు మీద ఉన్నవాళ్ళంతా నోళ్ళు తెరిచారు.

“బ్లాస్టింగ్ ఎవడోగానీ శుద్ధంగా పెట్టాడురా. దుమ్ము లేవలా, రాయి ఎగరలా” అన్నారు మల్లికార్జున గారు.

ఈ మంచు ఏటేటా వెనక్కి తగ్గిపోతోందని మైకు అమ్మాయి దిగులుగా చెప్పింది. ఆయనకు జాలి వేసింది. “మా వినుకొండ రోడ్డు కొండ గూడా అంతేనమ్మా. నేను క్రషర్ పెట్టినప్పుడు రోడ్డు పక్కనే ఉండేది. ఇప్పుడు చానా ఎనక్కి పోయింది” అని ఓదార్చారు. ఇందుకు మనుషులే కారణమని ఆమె అంది. “ఏం చేస్తాం తల్లీ, మనుషులకి కంకర కావాలి గదా” అన్నారాయన.

స్నానానికి ముహూర్తం దగ్గరపడింది. సముద్రంలో దిగనివ్వరు. డెక్కు మీద వేడినీళ్ళ తొట్టి ఉంది. ఎదురుగా మంచుకొండ కనిపిస్తుంది కాబట్టి దోషం లేదని శర్మగారు పేట నుంచి వీడియో కాల్‌లో అనుజ్ఞ ఇచ్చారు. మల్లికార్జున గారు నిక్కరు మీద పట్టుపంచె చుట్టుకుని తొట్టిలో దిగారు.

“రాత్రి ఎవరెవరో ఇందులో కూచోని బీరు తాగారు పంతులుగారూ” అంది సుబ్బరత్నం మెల్లగా.

“గంగలో మాత్రం ఏం కలవటం లేదమ్మా?” అన్నారు శర్మగారు.

సంకల్పం చెప్పడంలో ఒక చిక్కు వచ్చింది. శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పాలి. దుర్గాప్రసాద్ ఫోన్లో చూసి ఈశాన్యం అన్నాడు. “మన పేటా ఈశాన్యమే. మంత్రం మార్చక్కర్లేదు” అని శర్మగారు సంతోషించారు. ‘భరతఖండే’ అన్నచోట మాత్రం గొంతు కాస్త తగ్గించారు.

‘మమ’ దగ్గరకు వచ్చేసరికి సిగ్నల్ పోయింది. శర్మగారు నోరు తెరిచి తెర మీద బిగుసుకుపోయారు. తండ్రీకొడుకులు, కోడలు ఫోన్ చుట్టూ మూగారు. సరిగ్గా అప్పుడు ఓడ పక్కన నీళ్ళు చీలి తిమింగిలం లేచింది. కొండంత వీపు. దాని ఊపిరి ధారగా పైకి చిమ్మి, అభిషేకంలా తిరిగి దాని మీదే పడింది. సుబ్బరత్నం చేతులు జోడించింది. అది వచ్చినంత నెమ్మదిగానూ మునిగిపోయింది.

“చూశారా?” అందామె.

“చూస్తన్నా ఉండవే, ఒక గీత వచ్చింది” అన్నారు మల్లికార్జున గారు సిగ్నల్ సంగతి.

శర్మగారు మళ్ళీ కదిలాక ఆఖరి ఘట్టం మొదలైంది. కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలిపెట్టి, జన్మలో మళ్ళీ తినకూడదు. మల్లికార్జున గారు నిండు భక్తితో కాకరకాయ వదిలేశారు. దాన్ని ఆయన పుట్టిన దగ్గర నుంచీ తినలేదు. దుర్గాప్రసాద్ వెలగపండు వదిలాడు. దీపిక బచ్చలికూర వదిలింది.

“మీరమ్మా?”

“నేను కాశీలో ఒదుల్తా లెండి” అంది సుబ్బరత్నం.

సిగ్నల్ మళ్ళీ పోయింది. ఈసారి అటువైపు నుంచి.

తిరుగు ప్రయాణంలో ఓడ బారులో ఇచ్చిన ఐసుగడ్డలను మల్లికార్జున గారు ఫ్లాస్కులో నింపుకున్నారు. మంచుకొండ పక్కనే గడ్డకట్టింది కాబట్టి ఆ ఐసుకు దాని అంశ ఉంటుందని ఆయన వాదన. విమానాశ్రయంలో ఆ అంశను మొత్తం ఒక ఉద్యోగి కుండీలో ఒంపేశాడు.

అయినా సమారాధన ఆగలేదు. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు భోజనాలు పెట్టి గంగచెంబులు పంచడం మన ఆచారం కదా. కల్యాణ మండపంలో అలాస్కా సమారాధన జరిగింది. రాగి చెంబులు, లక్కసీళ్ళు వచ్చాయి. నీళ్ళు మాత్రం ఇంట్లో ఉన్న మినరల్ వాటర్ క్యానువి. నింపింది సుబ్బరత్నమే.

“అబద్ధం పాపం గదండీ.”

“నిన్ను అబద్ధం ఎవరు ఆడమన్నారు? మాట్లాడకుండా పంచు.”

సభలో మల్లికార్జున గారు ప్రసంగించారు. “నేను అలాస్కా వెళ్ళింది నా సుఖం కోసం కాదు. పల్నాడు ప్రజల తరఫున ఆ చలిని నేనొక్కణ్ణే భరించి వచ్చాను.” ముఖ్య అతిథిగా పిలిచినందుకు రాక తప్పని పిచ్చియ్య గారు, పళ్ళు కొరుక్కుంటూ పొగిడారు. “మన కోటప్పకొండ మీద కాకి వాలదు. అలాస్కాలో కూడా కాకి అనేదే లేదని నేను విన్నాను. కనుక రెండూ ఒకే క్షేత్రం.” కోడిపుంజంత కాకిని తలుచుకుని సుబ్బరత్నం తల వంచుకుంది. చప్పట్లు మోగాయి. తీర్థం పుచ్చుకున్నవాళ్ళలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు అక్కడికక్కడే తగ్గాయి.

మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ ఆమె మళ్ళీ కాశీ మాట ఎత్తింది.

“పిచ్చిదానా, ఇప్పుడు కాశీ పోతే ఊళ్ళో ఏమనుకుంటారే? అలాస్కా చెల్లలేదనుకోరూ?”

సుబ్బరత్నం గ్లాసు బల్ల మీద పెట్టింది. “ఒక్క మాట అడుగుతా చెప్పండి. మీకు మళ్ళీ నొప్పొస్తే, ఆ ఆసుపత్రి బల్ల మీద కూచోని నేను ఎవురికి మొక్కుకోవాలి? ఆ ఓడోడికా?”

మల్లికార్జున గారి చెయ్యి తనకు తెలియకుండానే ఛాతీ మీదికి వెళ్ళింది. కాఫీ చల్లారేదాకా అక్కడే ఉంది.

ఆ వారంలోనే వాళ్ళు బ్యాంకాక్ వెళ్తున్నట్టు ఊళ్ళో చెప్పారు. బ్యాంకాక్ అంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

“అక్కా, బ్యాంకాక్ బస్సు తెల్లారుఝామున కదుల్తది. దుప్పట్లు తెచ్చుకోండి” అని మౌలాలీ ఫోన్ చేశాడు.

కాశీలో మల్లికార్జున గారు ముఖానికి తువ్వాలు చుట్టుకుని గంగలో దిగారు. ఎవరి ఫోన్లోనైనా పడితే ప్రమాదం. పక్కన ఇంకొకాయన కూడా అలాగే తువ్వాలు చుట్టుకుని మునుగుతున్నాడు. మునిగి లేచినప్పుడు ఇద్దరి తువ్వాళ్ళూ జారాయి. ఆయన పిచ్చియ్య గారు. దుబాయ్ వెళ్తున్నట్టు ఊళ్ళో చెప్పి వచ్చారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేదు. చెరో వైపు తిరిగి మళ్ళీ మునిగారు.

రెండోసారి మల్లికార్జున గారు నీళ్ళలో కాస్త ఎక్కువసేపే ఉన్నారు. లేచేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎవరూ అడగకుండానే “గోంగూర” అన్నారు. సుబ్బరత్నం ఆయన వైపు చూసింది. గుంటూరు గోంగూర లేనిదే ముద్ద దిగని మనిషి. ఆమె మామిడిపండు వదిలింది. అవతల మెట్ల దగ్గర మౌలాలీ ఎండకు తాళలేక మునుగుతున్నాడు.

పేటకు వచ్చాక, విందుల్లో మల్లికార్జున గారు గోంగూర పక్కకు నెట్టడం అందరూ గమనించారు. అలాస్కా వెళ్ళొచ్చినవాళ్ళకు అలాంటి అలవాట్లు అబ్బుతాయని చెప్పుకున్నారు.

ఎదురింటి కుసుమ వచ్చింది. “పిన్నీ, బ్యాంకాక్ ఎట్టా ఉంది?”

“జనం చానామంది ఉన్నారమ్మా. గుళ్ళు గూడా ఉన్నాయి” అంది సుబ్బరత్నం. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు.

“అది సరేగానీ, ఆ అలాస్కా తీర్థం ఏమన్నా మిగిలిందా? మా పిల్లోడికి పరీక్షలు.”

గంగనీళ్ళు తెచ్చామని చెప్పడానికి లేదు. పంచకుండా ఉంచుకుంటే మొక్కు పూర్తి కాదు. సుబ్బరత్నం లోపలికి వెళ్ళి, కాశీ నుంచి తెచ్చిన నీళ్ళు అలాస్కా చెంబులో పోసి, దణ్ణం పెట్టుకుని తెచ్చి ఇచ్చింది. కుసుమ ముందు తను కొంచెం చేతిలో పోసుకుని నోట్లో వేసుకుంది. ముఖం అదోలా పెట్టింది.

“ఏంది పిన్నీ, నిలవ నీళ్ళా? పోయినసారి చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇయ్యేందో మామూలు ఏటి నీళ్ళలాగున్నాయి.”

సుబ్బరత్నం ఆ చెంబు వెనక్కి తీసుకుని పూజగదిలో పెట్టింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళి క్యాను వంచి ఇంకో చెంబు పట్టుకొచ్చింది. కుసుమ కళ్ళు మూసుకుని పుచ్చుకుంది. మిగిలింది తలకు రాసుకుంది.

“ఆఁ! ఇదీ తీర్థమంటే” అంది.

రెండు చెంబులూ ఇప్పుడు సుబ్బరత్నం పూజగదిలో పక్కపక్కనే ఉన్నాయి. కావలసినవారు ఎవరైనా వెళ్ళి అడగవచ్చు, ఆమె కాదనదు. గంగ చెంబు నిండుగానే ఉంది. అలాస్కా చెంబునే రోజూ నింపాల్సి వస్తోంది. మీరు వచ్చేముందు ఒక్క మాట చెబితే, మీ వంతుకు తక్కువ కాకుండా ఇంకో క్యాను వేయించి ఉంచుతుంది.