పైఒంటి గాయం వర్ధిల్లాలి!

తల మీద గట్టిగా ఒక్క దెబ్బ పడితే మనిషికి తెలివి పెరుగుతుంది.

నవ్వకండి! ఇది గాలి కబురు కాదు. కాటర్ లేక్ బ్యాడ్జర్స్ హాకీ క్లబ్ వారు ఒక డాక్టరును పెట్టి, ఒక కంప్యూటరును పెట్టి, మన వింగర్ వేడ్ పెట్రిషిన్ తలకాయను పెట్టి రుజువు చేసిన శాస్త్రసత్యం. ఇన్నేళ్ళూ పిల్లల్ని బడికి పంపి అనవసరంగా కష్టపెట్టాం. స్కేట్లు తొడిగి, మంచు మీదికి తోసి, చెక్కగోడకేసి నాలుగు సార్లు కొట్టిస్తే పోయేది!

వింగర్ ఉద్యోగం ఏమిటో మన ఊళ్ళో పాలు తాగే పిల్లకీ తెలుసు. గోడ వారగా జారుతూ పోవాలి. పక్ అనే ఆ రబ్బరు బిళ్ళ మూలలోకి దూరితే తనూ దూరాలి. వెనకనుంచి గూడ్సుబండిలా వచ్చేవాడికీ గోడకీ మధ్య అప్పడం కావాలి. మళ్ళీ లేవాలి. వేడ్ పద్దెనిమిదో ఏట నుంచీ ఇదే పని చేస్తున్నాడు. ఇప్పుడు ముప్పై నాలుగు. క్లబ్బులు అతన్ని సంతలో పశువులా చేతులు మార్చుకున్నాయి. ఒక్కరూ "వెళ్తావా నాయనా" అని అడగలేదు. వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ ఒక పన్ను వదిలిపెట్టి, చివరికి సొంత ఊరి క్లబ్బుకే చేరాడు. ఇంతా చేసి ఒక్క కప్పు ఎత్తలేదు. ఈ వసంతంలో మాత్రం బ్యాడ్జర్స్ ఫైనల్‌కు చేరారు. అతని ఆశంతా దాని మీదే.

ఇక్కడ మన హాకీ పెద్దల ధర్మశాస్త్రం ఒకటి చెప్పుకోవాలి. దాని ప్రకారం మనిషికి రెండే రెండు అవయవాలు. పైఒళ్ళు, కిందిఒళ్ళు. సరిహద్దు మొల దగ్గర. ఆటగాడికి మణికట్టు విరిగినా, భుజం జారినా, కన్ను వాచినా క్లబ్ ఒక్కటే ప్రకటిస్తుంది: "పైఒంటి గాయం." అంతకుమించి పెదవి విప్పదు. ఎందుకంటే ఫలానా చోట అని చెబితే ఎదుటి జట్టువాడు సరిగ్గా అక్కడే పొడుస్తాడట!

ఎంత గొప్ప ఏర్పాటు! ఇది హాకీతోనే ఎందుకు ఆగిపోవాలి? మేయరును రోడ్ల గుంటల గురించి అడిగితే "ఊరికి కిందిఒంటి గాయం" అని తలుపు వేసుకోవచ్చు. ఆదివారం చర్చి ఎగ్గొట్టినవాడు ఫాదర్ ఎదురుపడితే "పైఒళ్ళండీ" అని గుండె మీద చెయ్యి పెట్టుకోవచ్చు. పంటల బీమావాడు వస్తే పొలం వైపు చెయ్యి చూపి "కిందిఒళ్ళు" అంటే చాలదూ? వివరాలు అడిగినవాడే శత్రువు. ఇక దేశంలో సమస్యలెక్కడివి?

ఇప్పుడు అసలు సంగతి. ఫాక్స్ రివర్ జట్టుతో ఫైనల్ ఆటల వరస నడుస్తోంది. ఒక రాత్రి ఆటలో వేడ్ మూలలోకి దూరాడు. వెనకనుంచి బండి వచ్చింది. కుడి చెవికి పైన తల గోడకు తగిలిన చప్పుడు పాప్‌కార్న్ కొట్టు దాకా వినిపించింది. వేడ్ లేచాడు. హెల్మెట్ సర్దుకున్నాడు. నేరుగా జారుకుంటూ పోయి ఫాక్స్ రివర్ వాళ్ళ బెంచీ మీద కూర్చున్నాడు!

వాళ్ళ గడ్డపాయన ఒకడు జరిగి చోటిచ్చాడు.

"ఏం అన్నా, దారి తప్పావా?"

"స్కోరెంతరా?" అన్నాడు వేడ్.

"ఎవరిది?"

"మనది."

గడ్డపాయన కాసేపు అతని కళ్ళలోకి చూశాడు. "ముందు ఈ నీళ్ళు తాగు అన్నా" అని సీసా చేతికిచ్చి, అవతలి బెంచీకేసి చెయ్యి ఊపాడు. "మీ వాణ్ణి తీసుకుపోండర్రా, వీడి దగ్గర ఏదో తేడాగా ఉంది!"

రింకులో జనమంతా ఒకటే నవ్వు. "పెట్సీ ఎంత జోకరురా బాబూ!" అన్నాం అందరం. హాకీలో ఎవణ్ణీ అసలు పేరుతో పిలవరు కదా; పెట్రిషిన్ మనకు పెట్సీ. క్లబ్ ప్రకటన వచ్చేసింది: "పెట్రిషిన్‌కు పైఒంటి గాయం. ఏ రోజుకారోజు చూసి చెబుతాం."

ఇంటి దగ్గర జోకులు ఇంకా పెరిగాయి. వేడ్ స్కేట్లు ఫ్రిజ్‌లో పెట్టాడు. అతని భార్య హాల్యా రాత్రి వండిన క్యాబేజీ పొట్లాలు కిట్ బ్యాగులోకి వెళ్ళాయి. లాకర్ రూములో కుర్రాళ్ళు వాటిని లొట్టలేసుకుంటూ తిని "వదినకి థ్యాంక్స్ చెప్పు" అన్నారు. దీపం వెలిగిస్తే కళ్ళు మూసుకునేవాడు. కూతురిని రోజంతా తన చెల్లెలి పేరుతో పిలిచాడు. జోకే!

హాల్యా స్కూలు బస్సు నడుపుతుంది. మైనస్ నలభై డిగ్రీల చలిలో యాభైమంది పిల్లల్ని నోటితోనే అదుపులో పెట్టే మనిషి. కోచ్ డెల్ మక్‌ఫీ గదిలోకి బూట్ల మంచు దులపకుండానే వెళ్ళింది.

"మా ఆయనకి ఏమైంది కోచ్ గారూ?"

"పైఒళ్ళమ్మా."

"పైఒళ్ళంటే? చెయ్యా, మెడా, గుండెకాయా?"

"చూడమ్మా, అది చెప్పకూడదు. బయటికి పొక్కితే ఎదుటివాళ్ళు అక్కడే కొడతారు."

"నేను పెళ్ళాన్నయ్యా!"

"నిజమేననుకో. కానీ..."

"కానీ ఏంటి? నేను కొడతానా?"

కోచ్ కాస్త ఆలోచించి, "నీ సంగతి నాకు తెలీదు కదమ్మా" అన్నాడు.

ఎంత నిజాయితీ! అనుమానం ఉన్నచోట పెళ్ళాన్నయినా ప్రత్యర్థిగా చూడటమే శిక్షణ అంటే. తర్వాత ఆయన ధైర్యం చెప్పాడు: "పరీక్ష పెడుతున్నాంగా. పాసైతేనే ఆడిస్తాం. యంత్రం అబద్ధం చెప్పదు."

యంత్రం చెప్పదు, నిజమే. దాని ముందు కూర్చున్నవాడు చెబుతాడు.

ఈ పరీక్ష ఏమిటంటే, ప్రతి శరదృతువులోనూ ఆట మొదలవక ముందు ఆటగాళ్ళను కంప్యూటర్ ముందు కూర్చోబెడతారు. కొన్ని మాటలు చూపించి దాచేస్తారు; గుర్తున్నవి రాయాలి. బొమ్మలు చూపిస్తారు, జత కలపాలి. ఆ మార్కులు దాచిపెడతారు. తర్వాత ఎప్పుడైనా తలకు తగిలితే మళ్ళీ అదే పరీక్ష. పాత మార్కుల కంటే తగ్గితే ఇంటికి. తగ్గకపోతే మంచు మీదికి.

మనవాళ్ళు వెర్రివాళ్ళా? ఏ క్లబ్బులోనైనా పాతకాపు కుర్రవాడికి మొదట నేర్పే విద్య స్కేటింగ్ కాదు, శరత్కాలంలో పరీక్ష తప్పడం! బాగున్నప్పుడే మొద్దుగా రాసిపెట్టుకుంటే, దెబ్బ తగిలాక ఎంత మొద్దుగా రాసినా సరిపోతుంది. ఈ విద్యలో వేడ్ గురువులకే గురువు. మొన్న శరత్తులో పొద్దుతిరుగుడు గింజలు నములుతూ, పొట్టు కాగితం కప్పులోకి ఉమ్ముతూ, గుర్తున్న మాటలు రాయమంటే "ఆవు" అని రాశాడు. తర్వాతి గడిలోనూ ఆవే. ఆపైన కూడా. పక్కనున్న కుర్రాడికి "అలా కళ్ళు చిట్లించకురా, నిజంగా ఆలోచిస్తున్నావనుకుంటారు" అని బోధ కూడా చేశాడు.

ఇప్పుడు దెబ్బ తిన్న తలతో, చెమటలు కక్కుతూ, తెర వెలుతురుకి ఒక కన్ను మూసుకుని, ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. క్లబ్ డాక్టర్ ఆల్డిస్ మార్కులు చూసి లేచి నిలబడి చెయ్యి కలిపాడు.

"అభినందనలు పెట్సీ! శరత్కాలం కంటే చాలా మెరుగయ్యావు!"

చూశారా? తెలివి పెరిగింది! ఆఖరి ఆట శనివారం. వేడ్ ఆడుతున్నాడు.

అతను ఎగురుతూ ఇంటికొచ్చాడు. హాల్యాకు నవ్వు రాలేదు. ఆ ఆవుల కథ శరత్తులో తనకు చెప్పి పొట్ట పట్టుకుని నవ్వింది ఈయనే మరి.

"వెళ్ళి నిజం చెప్పు" అంది.

"ఒక్క ఆటే హాల్యా. ఒక్కటి. పదహారేళ్ళు గోడల్ని గుద్దాను, ఒక్క కప్పు ముట్టుకోలేదు."

"ముట్టుకుంటావు సరే. ముట్టుకున్నట్టు గుర్తుంటుందా?"

వేడ్ దానికి బదులు చెప్పబోయి ఏం అడిగిందో మరిచిపోయాడు. ఆ సంగతి అతనికే తెలిసింది. అందుకే, హాల్యా బస్సు ఎక్కించుకుని తీసుకెళ్తే నోరు మూసుకుని కూర్చుని, డాక్టరు ముందు తల దించుకుని ఒప్పుకున్నాడు. "శరత్తులో కావాలనే తప్పు రాశానండీ."

డాక్టర్ ఆల్డిస్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అంటే అప్పుడు అబద్ధమాడావన్నమాట."

"అవునండీ."

"అబద్ధమాడే మనిషి ఇప్పుడు చెప్పేది మాత్రం నిజమని ఎలా నమ్మమంటావు? ఫైనల్ అంటే భయపడుతున్నావేమో! నాకు మార్కులే ప్రమాణం."

శభాష్! తర్కశాస్త్రం అంటే ఇదీ. నిజం ఒప్పుకోవడానికి కావలసిన అర్హత, ఒప్పుకోవడానికి ఏమీ లేకపోవడం!

శనివారం పొద్దున మన ఊరి రేడియోలో ఆటల కబుర్ల వేళ. ఎవరైనా ఫోన్ చెయ్యొచ్చు. హాల్యా చేసింది.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు రేడియో స్టాన్.

"బస్సు హాల్యానిరా స్టాన్. నిన్ను మూడో తరగతి దాకా బస్సులో బడికి దింపింది మా నాన్నే. ఫాక్స్ రివర్ వాళ్ళు వింటున్నారా?"

"వింటూనే ఉంటారక్కా. ఏం, తిడతావా?"

"తిట్టను. ఒక సాయం చేస్తాను. బాబూ ఫాక్స్ రివర్ కుర్రాళ్ళూ, మా ఆయనకి దెబ్బ తగిలింది తలకి. కుడి చెవికి బెత్తెడు పైన. భుజాలు బాగానే ఉన్నాయి, మోకాళ్ళు గుర్రం మోకాళ్ళు, వాటి మీద టైము పాడుచేసుకోకండి. చెవి పైన. సరిగ్గా విన్నారా, మళ్ళీ చెప్పనా?"

స్టాన్ గబగబా వాతావరణం చదివేశాడు.

ఊరు భగ్గుమంది! కూరల కొట్టులో ఒకావిడ హాల్యా సామాన్ల తోపుడుబండికి తన బండి అడ్డం పెట్టి "సొంత మొగుణ్ణి అమ్ముకున్నావు కదే!" అంది. నిజానికి ఆ అమ్మకాల హక్కు క్లబ్బుకే ఉంది. పెళ్ళాం చేతులు పెట్టడం అన్యాయమే. కోచ్, డాక్టరు, క్లబ్ యజమాని హడావిడిగా కూర్చున్నారు. మధ్యాహ్నానికల్లా నిర్ణయం వచ్చింది. పెట్రిషిన్ ఆడడు. తల బాగాలేదని కాదు సుమా! తల బ్రహ్మాండంగా ఉంది, మార్కులున్నాయి. తల సంగతి ఎదుటివాళ్ళకు తెలిసిపోయింది, అందుకని! రహస్యం పోయిన తల జట్టుకు బరువు.

సాయంత్రం వేడ్ మామూలు చొక్కా వేసుకుని, మనలాగే గ్యాలరీలో కూర్చున్నాడు. పక్కన హాల్యా. కప్పు అక్కడే, బల్ల మీద, గుడ్డ కప్పుకుని ఉంది. మొదటి భాగమంతా అతను బిగదీసుకునే కూర్చున్నాడు. ఆమె బంగాళదుంప వేపుళ్ళు అందిస్తే మొహం తిప్పుకున్నాడు.

రెండో భాగంలో గోల్ పడింది. వేడ్ ఒక్క ఉదుటున లేచి రెండు చేతులూ పైకెత్తి కేకేశాడు. గ్యాలరీలో లేచింది అతనొక్కడే. గోల్ వేసింది ఫాక్స్ రివర్.

ఈసారి ఎవరమూ నవ్వలేదు. టిక్కెట్టు కొనుక్కుని మరీ నవ్విన వాళ్ళం, మా బూట్లకేసి చూసుకున్నాం.

వేడ్ చుట్టూ చూసి మెల్లగా కూర్చున్నాడు. చాలాసేపటికి, రోజంతటిలో మొదటిసారి, భార్య వైపు వంగి గుసగుసగా అడిగాడు.

"హాల్యా, మనవాళ్ళు ఏ రంగు?"

ఆమె చెప్పింది. అతను తలూపి, వేపుళ్ళ పొట్లం అందుకున్నాడు.

ఆ రాత్రి మనం ఓడాం. దానికి కూడా కారణం హాల్యాయేనని క్లబ్ తేల్చింది. వచ్చే సీజన్ నుంచి ఆటగాళ్ళ భార్యలు రేడియోకి ఫోన్ చెయ్యరాదని కొత్త నియమం తెస్తున్నారు. మెచ్చుకోవాలి వాళ్ళ చురుకుదనాన్ని! ఒక మనిషి మెడ మీద తల ఉందన్న సంగతి పదహారేళ్ళలో ఏ క్లబ్బూ కనిపెట్టలేకపోయింది గానీ, అతని పెళ్ళాం నోట్లో నాలుక ఉందని మాత్రం ఒక్క పూటలో కనిపెట్టేశారు.