ఆర్విల్ నవ్వుకు అనుమతి లేదు

ఒహాయో రాష్ట్రంలోకెల్లా అత్యంత ప్రశాంతమైన పార్కుగా మా విల్డన్ పట్టణ క్రీడావనం ఎంపికైందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాం. ఈ ఘనత ఊరికే రాలేదు. ఇందుకోసం ఒక ముసలాయన నవ్వును అదుపు చేయాల్సి వచ్చింది.

ఆయన పేరు ఆర్విల్ స్టానెక్. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. భార్య పోయాక టీవీతో తప్ప ఎవరితోనూ పొత్తు పెట్టుకోలేదు. చివరికి పొరుగింటి డెల్బర్ట్ ఆయన రెక్క పట్టుకుని పార్కుకు లాక్కొచ్చి, చేతిలో పికిల్‌బాల్ బ్యాటు పెట్టాడు. పేరు చూసి ఊరగాయ అనుకోకండి. చిల్లుల ప్లాస్టిక్ బంతిని వలకు అటూ ఇటూ టకటకా కొట్టుకునే ఆట. మొదటిరోజే ఆర్విల్ బంతిని వదిలేసి గాలిని కొట్టి, చతికిలబడ్డాడు.

“బంతి అటు పోయిందయ్యా! నువ్వింకా బస్సే తిప్పుతున్నావ్. నువ్వు మలుపు తిరిగేసరికి చలికాలమొచ్చి మంచు పడుతుంది!” అన్నాడు డెల్బర్ట్.

ఆర్విల్ నవ్వాడు. చలికి మొరాయించిన ఇంజను ఒక్కసారిగా అందుకున్నట్టుంటుంది ఆ నవ్వు. ఆ రోజు నుంచి అందరికంటే ముందు ఆయనే వచ్చేవాడు.

పార్కును ఆనుకుని గ్వెన్ టాలివర్ గారి ఇల్లు ఉంది. పార్కు పక్కనే కదా అని మురిసి ముచ్చటపడి కొన్నారు. తీరా చూస్తే పార్కులో జనం ఆడుతున్నారు. ఇంతటి మోసాన్ని ఎవరు సహిస్తారు? పట్టణ సభకు ఫిర్యాదు చేశారు.

సభ తక్షణం స్పందించింది. ముందు మెత్తటి స్పాంజి బంతులు వచ్చాయి. తర్వాత పాయింట్లు నోటితో చెప్పకుండా వేళ్లతో చూపాలన్నారు. అయినా గ్వెన్ గారికి మనశ్శాంతి లేదు. సభవారు శబ్ద నిపుణుణ్ని పిలిపించారు. ఆయన కంచె దగ్గర యంత్రం పెట్టి కొలిచి, అసలు దోషి బంతి కాదు, ఆర్విల్ నవ్వే అని తేల్చాడు.

మేయర్ లోర్నా హాస్కెట్ గారు గంభీరంగా ప్రసంగించారు: “వినోదానికి మన పట్టణం ఎన్నడూ అడ్డురాలేదు. పౌరులు నిరభ్యంతరంగా ఆనందించవచ్చు. కాకపోతే ఆ ఆనందం బయటికి వినబడకూడదు.”

మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆర్విల్ లేచాడు. “మేయర్ గారూ, నవ్వు నన్నడిగి రాదు కదమ్మా. ఎట్లా ఆపుకునేది?”

“వచ్చేలా అనిపిస్తే కారులోకి వెళ్లి అద్దాలెత్తుకోండి, స్టానెక్ గారూ,” అన్నారామె దయతో.

ఆర్విల్ చట్టాన్ని గౌరవించే మనిషి. నవ్వొచ్చినప్పుడల్లా బ్యాటు పక్కన పెట్టి పార్కింగ్ స్థలానికి పరిగెత్తేవాడు. కారు తలుపు తీసేసరికి నవ్వు ఆరిపోయేది. కొన్నాళ్లకు రావడమే మానేశాడు. డెల్బర్ట్ వెళ్లి తలుపు కొడితే లోపల టీవీ మోత పెరిగింది.

డెల్బర్ట్‌కు ఒళ్లు మండింది. పార్కింగ్ స్థలంలో సుద్దతో గీతలు గీసి, రెండు చెత్త డబ్బాల మధ్య వల కట్టాడు. నిబంధనలు పార్కుకే గాని పార్కింగ్‌కు లేవు మరి. ఆర్విల్ కిటికీ కింద నిలబడి, “బయటికొస్తావా, నన్ను పాట ఎత్తుకోమంటావా?” అని అరిచాడు. డెల్బర్ట్ పాట తెలిసిన ఆర్విల్ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చాడు.

టకటకలాడే బంతులొచ్చాయి, నవ్వొచ్చింది, వెనకే మేమందరం వచ్చాం. పార్కులో ప్రశాంతత ఒక్కటే మిగిలింది. దానికి అవార్డిచ్చారు.

ఆ సాయంత్రమే గ్వెన్ గారు పార్కింగ్ స్థలానికి వచ్చారు. గొడవకే అనుకున్నాం.

“ఇంట్లో ఫ్రిజ్ తప్ప ఎవరూ మాట్లాడట్లేదు,” అన్నారామె నేల చూస్తూ. “ఇంకొకరికి చోటుందా?”

ఆర్విల్ తన బ్యాటు అందించాడు. “రండమ్మా. గాలిని మాత్రం కొట్టకండి, దాని సంగతి నేను చూసుకుంటా.” ఆమె నవ్వారు. అదీ తక్కువ మోత కాదు.

ఇక్కడితో సుఖాంతమయ్యేదే. కానీ అదే స్థలంలో ఎప్పటినుంచో స్కేట్‌బోర్డులు తిప్పే పిల్లలున్నారు. ఒకటే గరగర, కేకలు. పెద్దవాళ్లం, ఆట మీద మనసు నిలిచేదెలా? ఆర్విల్, గ్వెన్ గార్లను ముందుంచుకుని సభకు మొరపెట్టుకున్నాం. సభ తక్షణం స్పందించి పిల్లల్ని పంపించేసింది.

ఇప్పుడు హాయిగా ఆడుకుంటున్నాం. మధ్యలో మంచినీళ్లకు ఆగినప్పుడల్లా మా బెంగంతా ఒక్కటే: ఈ కాలం పిల్లలు ఇల్లు కదలరేమిటి? పొద్దస్తమానం ఆ ఫోన్లేమిటి?