శేషన్న శెట్టి రేకుకోడి దిగ్విజయము

రేకు కడుపులో చుట్టలు చుట్టుకొని, లోకమును మరచి, ముప్పై ఏండ్లుగా యోగనిద్రలోనున్న ఓ ఇనుప స్ప్రింగా! తొలి నమస్కారము నీకు. నీవు కదిలితేనే ఈ కథకు ముగింపు ఉన్నది. కదలకపోతే మా అందరి గతి అధోగతి.

అది రెండువేల ఆరవ సంవత్సరము, మే నెల. ప్రచండ మార్తాండుడు నందికొట్కూరు నెత్తిన నిలిచి, తారురోడ్డును బెల్లపు పాకము వలె కరిగించి, బాటసారుల హవాయి చెప్పులను కప్పముగా వసూలు చేయుచున్న మిట్టమధ్యాహ్నము. కరెంటు పోయి, ఫ్యాను రెక్కలు మూడును మూడు దిక్కులు చూచుచు నిశ్చేష్టములై వ్రేలాడు వేళ. బజారు వీధిలోని బట్టల దుకాణమున, తెల్లని పరుపుపై, పంచెల ప్రపంచాధినేత, తువ్వాళ్ళ గండరగండడు, గజము కొలతలో బెత్తెడైనను ఎక్కువ ఇచ్చి యెరుగని మహాధీరుడు, శేషన్న శెట్టి కొలువుదీరి యుండెను.

ఆయన వెనుక ఒక అద్దాల బీరువా. అందులో చీరలు లేవు, బొమ్మలు కలవు. రేకు మోటారు కారు, రేకు పడవ, రేకు రంగులరాట్నము. వాని నడుమ, నక్షత్రముల నడుమ చంద్రుని వలె, ఎర్రని జుట్టుతో, పసుపు రెక్కలతో, చెక్కు చెదరని రంగుతో ఒక రేకుకోడి. కీ తిప్పి నిలిపితే టకటక గింజలు పొడుచునని దాని ప్రఖ్యాతి. ప్రఖ్యాతియే గాని, చూచినవారు లేరు. కీ తిప్పితే స్ప్రింగు తెగునేమో, గింజ పొడిస్తే ముక్కు రంగు పోవునేమో అను మహాభయముచేత, కొన్ననాటి నుండి శెట్టి దానిని ఒక్కమారును ఆడింపలేదు. ఇతరులెవ్వరును ఆడింపకుండ, దాని కీని ఇనుపపెట్టె తాళంచెవితో పాటు తన మొలతాడునకు ముడివేసికొని, స్నానమందును నిద్రయందును విడువక కాపాడుచుండెను.

ఆ అద్దమునకు ముక్కు ఆనించి ఆవిరి పట్టించుచు నిలిచిన ఐదేండ్ల వీరబాలిక అమూల్య, ఆయన కూతురి కూతురు. కడప నుండి సెలవులకు వచ్చి, సెలవులన్నియు ఆ అద్దము ముందే ధారపోసినది. ఆనాటి సాయంత్రమే తిరుగు ప్రయాణము. లోపల తల్లి శ్రీదేవి సంచులు సర్దుచుండెను.

"తాతా, ఒగసారి ఆడించు తాతా."

"చూడమ్మా. చూస్తే చాలదా?"

"చూస్తానే ఉండా. అదేం చేయకుండా ఉండాది."

అంతలో వీధి చివర ధూళి లేచెను. ఆ ధూళిని చీల్చుకొని, మోటారు సైకిలు నెక్కి, వెనుక సీటున సైకిలు ట్యూబుతో బంధించిన పెట్టెతో, ఎరువుల దుకాణాధీశుడు, యూరియా పరిమళ లిప్త గాత్రుడు, భూపేష్ వచ్చెను. ఇతడును బొమ్మల సేకర్తయే. కాని నవీన పక్షము వాడు. కర్నూలు నుండి తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలు ఇతని పడకగదిలో అటక నంటియున్నవి. వానిలో ఒక్కటియు తెరువబడలేదు. సీలు తెగిన బొమ్మ, అతని దృష్టిలో, బొమ్మ కాదు.

పెట్టెను పరుపుపై నిలిపి, భూపేష్ ఇట్లు గర్జించెను:

"ఓయీ తుప్పు రాజ్యాధిపతీ! నీ రేకుల అంచులకు తెగని పసివ్రేలు ఈ మండలమున కలదా? కనుము, ఈ నవకుక్కుటమును! నునుపు దేలిన దేహము, మెత్తని ముక్కు, బొత్తాము నొక్కినంతనే పాడుచు గ్రుడ్లు పెట్టు మహిమ! బాలల కొరకే పుట్టిన దీని ముందు నీ ముసలి రేకు ఎంత?"

నిజమునకు అతడు నోటితో అన్నది, "శెట్టీ, ఇది సూడప్పా, పిల్లోళ్ళకనే చేసినారు" అని మాత్రమే. మిగిలినదంతయు అతని నవ్వులో ఉండెను.

శెట్టి మీసము అదరెను. "ఏమీ! రబ్బరు ముక్కు గింజను పొడుచునా, బుజ్జగించునా? రాయలసీమ ఎండలో నీ పక్షి ఒక్క జాము నిలిచెనేని నా మీసము తీయించుకొందును!" అని ఆయన హృదయము ఘోషించెను. నోరు మాత్రము, "మూతి మెత్తగా ఉంటే అది కోడి యెట్లయితాదప్పా?" అనెను.

"అయితే నీది ఆడించు, సూద్దాం."

"ముందు నీ డబ్బా తెరువు."

"తెరిస్తే ఇంగేముంటాదప్పా దాంట్లో?"

"కీ తిప్పితే నాకేముంటాది?"

ఉభయ సేనలును ఎదురెదురుగా నిలిచి, ఒక్క అడుగైనను వేయలేక, చెమటలు తుడుచుకొనుచుండెను. అప్పుడు అమూల్య తాత ముఖమును, భూపేష్ ముఖమును మార్చి మార్చి చూచి, బ్రహ్మాస్త్రమును సంధించెను.

"మరి ఇవి ఎవురికి?"

మహారథులిద్దరును తల లెత్తి, తిరుగని ఫ్యానును చూచిరి.

ఇంతలో వేయించిన వేరుశనగ గింజల పళ్ళెముతో శెట్టి ధర్మపత్ని, సకల కలహ శమన దక్షురాలు, నాగేంద్రమ్మ లోపలి నుండి వెడలెను. ఆమెకు డాంబిక వచనములు అలవాటు లేవు.

"ఏమయ్యా, నాకు నువ్వు తాళి కట్టినావు. కోడికాడ నువ్వే తాళి కట్టించుకున్నావు. పొద్దు గుంకితే పిల్ల పోతాది. ఎవురికి దాస్తాండావు దాన్ని?"

భూపేష్ నవ్వెను.

"నువ్వు నవ్వాకప్పా భూపేషూ. ఆ డబ్బాలో కోడి ఉండాదో, గుండ్రాయి ఉండాదో నీకే తెల్దు."

భార్య తన్ను అడిగిన ఆ 'ఎవురికి' అను మాట ములుకై నాటగా, శెట్టి లేచెను. బీరువా తెరిచెను. కోడిని కన్నబిడ్డ వలె ఎత్తుకొనెను. పంచె సడలించి మొలతాడు ముడిని పట్టెను. ఏండ్ల తరబడి చెమట త్రాగిన ఆ ముడి రాయియై యుండెను. పంటితో లాగుటకు నడుము వంగదు. కత్తెరతో తెంపుటకు ఆచారము ఒప్పదు. బ్రతికియున్న మగవాని మొలతాడు తెంపుటయా, శివశివా! ఏమి చేయవలె? కీ కోడి యొద్దకు రాదు గనుక, కోడియే కీ యొద్దకు వచ్చెను. దానిని బొడ్డునకు అదుముకొని, కీ నట్లే పట్టి, కోడినే గిరగిర త్రిప్పుచు, ఆ వస్త్రవ్యాపార శార్దూలము నడివీధిలోని జనమంతయు చూచుచుండగా తన పొట్టపై యుద్ధము చేసెను. కర్ర్... కర్ర్... అని స్ప్రింగు మూలిగెను.

కోడిని బల్లపై నిలిపిరి. ముక్కు ముందు ఒక గింజ నుంచిరి. జగము ఊపిరి బిగపట్టెను.

కోడి కదలలేదు.

అమూల్య క్రింది పెదవి ముందుకు వచ్చెను. అది చూచి భూపేష్ గుండె, ఎట్టి ఎరువునకును మెత్తబడని ఆ గుండె, కరిగిపోయెను. "ఏడవాకు పాపా!" అని, కండ్లు మూసికొని, పెట్టె సీలును చర్రున చించెను. బొత్తాము నొక్కెను. పాట లేదు, గ్రుడ్డు లేదు. తిరగవేసి చూడగా, బ్యాటరీలు విడిగా కొనవలెనట. ఆ అర మూతకు పిల్లలు తెరువరాదని చీమ తలకాయంత స్క్రూ.

"పెద్దోళ్ళు గూడా తెరవగూడదనా?" అని నాగేంద్రమ్మ.

పాత పక్షము ఓడెను. కొత్త పక్షము ఓడెను. దూరమున బస్సు హారను మ్రోగెను.

అప్పుడు అమూల్య బల్లపై గడ్డము ఆనించి, రేకుకోడి చెవిన, చెవి ఉండవలసిన చోట, "తినవే కోడీ, మా బస్సు పోతాది" అని, దాని తోకను చూపుడు వ్రేలితో మెల్లగా తట్టెను. ఇంతకాలము ఎవ్వరికిని దొరకని తోక! అడ్డు పెట్టుటకు శెట్టి చేయి లేచి, గాలిలో ఒక్క క్షణము నిలిచి, తిరిగి ఒడిలోనికి దిగెను.

టక్.

ఒక్కటే పోటు! గింజ రెండు చెక్కలయ్యెను. ఒక చెక్క ఎగిరి భూపేష్ జేబులో పడెను. "పొడిచెరా!" అని శెట్టియు, "పొడిచెనప్పా!" అని ప్రతిపక్షమును ఒకరి భుజము లొకరు పట్టుకొని ఎగిరిరి. కోడి ముక్కున ఆవగింజంత రంగు రాలినది. శెట్టి చూచెను. చూచియు, చూడనివాని వలె ఉండెను.

"ఇంగొకసారి!" అనెను అమూల్య.

శెట్టి అంగడిలోని కొత్త మొలతాడు తీసి ముందుగా దానిని నడుమునకు బిగించుకొని, ఆచారమును ఆ విధముగా తృప్తిపరచి, పాతదానిని కత్తెరతో కత్తిరించెను. తాళంచెవిని తాను ఉంచుకొని, కీని మనుమరాలి పిడికిట పెట్టెను. కోడిని కాగితములో చుట్టబోగా, "వద్దు తాతా, బస్సులో ఆడుకుంటా" అని ఆమె అట్లే చంకన పెట్టుకొనెను. భూపేష్ చిన్న స్క్రూడ్రైవరు కొరకు గడియారాల అంగడికి పరుగెత్తెను.

ఇట్లు నందికొట్కూరు మహాసంగ్రామము ముగిసెను. వినుడు, వినుడు! విజయము రేకుకోడిది. శత్రుపక్షమున కూలినది వేరుశనగ గింజ ఒకటి. అందు ఒక చెక్క భూపేష్ జేబులో బందీయై యుండగా, రెండవ చెక్కను విజేత తరపున అమూల్య నమిలి మ్రింగెను.