సుదర్శనంగారి గడువులు

కంప్యూటర్‌ను తొందరపెట్టడం మహాపాపం! తిరుపతిలో ఈ మాట మొట్టమొదట అన్నవాడు సుదర్శనం. ఎనభై ఏడులో, కంప్యూటర్‌ను కళ్లారా చూసినవాళ్లు ఊళ్లో వేళ్లమీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లోనే ఆయన ఈ సత్యం కనిపెట్టాడు. అలాంటి మనిషిని గుర్తించకపోతే నష్టం ఎవరికి? మనకే కదా!

ఆయన ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ సెక్షన్‌కు అధికారి. ఏ ఆసుపత్రి అని అడక్కండి, పేరు చెబితే వాళ్లకు లేనిపోని గర్వం వస్తుంది. సెక్షన్ అంటే ఒక ఏసీ గది, ఆకుపచ్చ అక్షరాల మిషన్, దాని నుదుట కుంకుమబొట్టు, గుమ్మం బయట విడిచిన చెప్పులు, ప్రోగ్రాములు రాసే రమామణి. రోగి పేరు కొడితే పాత వైద్యం వివరాలు తెరమీదికి రావాలి. అంతే పని.

ఆ పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడడానికి రమామణి కొన్ని పరీక్షలు రాసింది. ఒక్కో పరీక్ష ఒక్కో పేరు అడుగుతుంది. నిమిషంలో జవాబు రాకపోతే మిషనే పరీక్షను ఆపేసి 'టైమౌట్, ఫెయిల్' అని చూపిస్తుంది. కోమలవల్లి చిటికెలో దొరికింది. యతిరాజులూ దొరికాడు. 'ముని' దగ్గరికొచ్చేసరికి మిషన్ చతికిలబడింది.

చతికిలబడదా మరి? చిత్తూరు జిల్లాలో ఆగిన బస్సు పక్కన నిలబడి 'మునీ' అని పిలిస్తే సగం బస్సు దిగొస్తుంది. మునస్వాములు, మునెయ్యలు, మునిరత్నమ్మలు! వీళ్లందరినీ పేరుపేరునా పలకరించి రావాలంటే మిషన్‌కు మాత్రం టైం పట్టదా?

"సార్, ముందు ఊరు అడిగి, ఆ ఊళ్లోనే పేరు వెతికేట్టు మార్చాల," అంది రమామణి. "ఒక వారం ఇస్తే రాసేస్తాను. ఈ పరీక్ష మనకేందో చెప్తా ఉండాది సార్."

"గడువు పెంచితే పొయ్యేదానికి ప్రోగ్రాం మార్చేది ఎందుకమ్మా?" అన్నాడు సుదర్శనం. "మా నాయన గుళ్లో ముప్పై ఏండ్లు తీర్థం ఇచ్చినాడు. కడాన వచ్చిన ముసిలాయన చెయ్యి పట్టేదాకా కాచుకోని ఇచ్చినాడు. లైన్లో ఉండేవాళ్లను ఎనక్కి పంపేది మా ఇంట్లో లేదు."

ఈ మాట ఆయన ఉత్తినే అనలేదు. నాయన అంటే ఆయనకు ప్రాణం.

నిమిషం తీసేసి 'కాఫీ గడువు' పెట్టాడు. అంటే సెక్షనంతా క్యాంటీన్‌కి వెళ్లి తీరిగ్గా తాగి వచ్చేంత. చాల్లేదు. 'భోజనం గడువు' పెట్టాడు, కునుకుతో కలిపి. అదీ చాల్లేదు. ఆఖరికి 'కొండ గడువు' పెట్టాడు. బస్సెక్కి తిరుమల వెళ్లి, దర్శనం చేసుకుని, లడ్డు పట్టుకుని కిందికి దిగేంత. ఆ సాయంత్రం 'ముని' పరీక్ష పాసైంది! పెద్దాఫీసరు వచ్చి చేయి కలిపి వెళ్లాడు.

ఫెయిలన్నదే లేని పరీక్ష ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? రమామణి ఆ ఖాళీలో అల్లిక నేర్చుకుంది. క్యాంటీన్‌వాడు రెండో పొయ్యి పెట్టాడు. అసలు ఈ సూత్రం దేశమంతా అమలు చేస్తే ఎంత శాంతి! కుళాయిలో నీళ్లు రాలేదని ఎందుకు గొడవ? మీరు పెట్టుకున్న గడువు చాల్లేదు, అంతే. శ్రీకాళహస్తి బస్సు రాలేదా? వస్తుంది. ఎప్పుడని అడిగారా, తప్పు మీదే!

మిషన్‌ను జనం ముందు పెట్టే రోజు వచ్చింది. కొత్త కిటికీ దగ్గర సుదర్శనమే స్వయంగా కూర్చుని, గడువుల సిద్ధాంతాన్ని లైన్లోవాళ్లందరికీ వివరించాడు. ఆ రోజే మద్రాసు నుంచి కంటిడాక్టరు వచ్చాడు. ఆయన మూడు నెలలకోసారే వస్తాడు. ఆపరేషన్‌కు పేర్లు రాసుకోవడం ఒంటిగంటకు ఆపేస్తారు.

లైన్లో మొదటివాడు నగరి నుంచి వచ్చిన చేనేత మనిషి. రెండు కళ్లకూ పొర కమ్మి, భార్య చేయి పట్టుకుని వచ్చాడు. మగ్గం ఆగిపోయి చాలాకాలమైంది.

"పేరు?"

"మునెయ్య సామీ."

సుదర్శనం పేరు కొట్టాడు. మిషన్ వెతకడం మొదలుపెట్టింది. కాఫీ వేళ దాటింది. వెనకవాళ్లను ఒక్కొక్కరినీ పక్కనున్న పాత కిటికీకి పంపేశారు. అక్కడ చేత్తో రాసుకుని లోపలికి వదులుతున్నారు.

"నన్ను కూడా ఆడికే పంపండి సామీ," అన్నాడు మునెయ్య.

"నీ పేరు లోపలికి పోయినాది పెద్దాయనా. నడిమధ్యలో ఆపగూడదు."

రమామణి లేచి వచ్చి, "ఆపేద్దాం సార్," అంది. సుదర్శనం వినలేదు. మొదటి రోజే, అందరి ముందూ, తన చేత్తో తాను ఫెయిల్ రాసుకోవడమా?

ఒంటిగంట గంట కొట్టారు. పాత కిటికీ మూశారు. సుదర్శనం కూడా తన కిటికీ చెక్క సగం దించి, "టైం అయిపోయినాది. మూడు నెల్లకు రా," అన్నాడు.

మునెయ్య తడుముకుంటూ ఆ చెక్కమీద చేయి పెట్టాడు.

"మిషన్‌కి పెంచినారని పొద్దున మీరే చెప్పినారు గదా సామీ. అట్నే నాకూ రోంత పెంచండి. పోగు తెగితే కనపడేదిల్లేదు నాకు."

చెక్క అంచున ఆ ముసలి చేయి వెల్లకిలా తెరుచుకుని ఉంది. సుదర్శనానికి నాయన గుర్తుకొచ్చాడు. సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు పెద్దమనుషులు ఏం చేస్తారో ఆయనా అదే చేశాడు. పక్కకు చూస్తూ, "అది నా చేతిలో లేదు," అన్నాడు. చేయి మెల్లగా వెనక్కి వెళ్లింది. చెక్క దిగింది.

భార్యాభర్తలు గేటు దాటాక తెరమీద ఆకుపచ్చగా 'మునెయ్య, నగరి' అని వచ్చింది. పక్కనే 'పాస్' అని కూడా ఉంది. రమామణి చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్లకోసం బస్టాండు వైపు పరుగెత్తింది. అప్పటికే డాక్టరు కారెక్కుతున్నాడు.

తప్పెవరిదని అడుగుతారేమో. లెక్కప్రకారం చూద్దాం. మిషన్ పాసైంది. ప్రోగ్రాం పాసైంది. సుదర్శనం పాసై, ఆ నెలలోనే పై పోస్టుకు కూడా వెళ్లాడు. ఇన్ని గడువులు పెంచిన ఆ ఆసుపత్రిలో, గడువు లోపల చూపు తెచ్చుకోలేక ఫెయిలైనవాడు మునెయ్య ఒక్కడే.