చెయ్యెత్తితే ఆగిన ఎక్స్‌ప్రెస్

ఆ పొద్దున రంగప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురిని వెంటబెట్టుకుని రోడ్డు మీది కల్వర్టు దాకా పోవాలి. ఫోన్లో మేడం చెప్పినట్టు పిల్ల చేత చెయ్యి ఆడించాలి. ఎండ ముదరకముందే తిరిగొచ్చి చెనక్కాయ చేనుకు పోవాలి. మధ్యలో ఎవరితోనూ మాట్లాడే పని లేదు. ఆ పథకంలో అతనికి అన్నిటికన్నా నచ్చింది అదే.

రంగప్ప మంచివాడే గానీ నలుగురి ముందు నోరు పెగలదు. దుకాణంలో చక్కెర అడిగితే బెల్లం కట్టిచ్చినా అదే పట్టుకుని ఇంటికొస్తాడు. భార్య రామక్క మార్చుకుని రమ్మని పంపితే దుకాణం ముందు కాసేపు నిలబడి, ఇంకో బెల్లం ముద్ద కొనుక్కుని వస్తాడు.

కూతురు భవానికి తొమ్మిదేళ్లు. నోరు మాత్రం తల్లిది. కట్టెలు నింపిన ట్రాక్టరు ట్రాలీ మీదికి వద్దంటే ఎక్కింది, దిగమంటే పడింది. ఎడమ భుజం కింద ఎముక విరిగింది. హిందూపురం ఆసుపత్రిలో కట్టు కట్టారు, ఎముక అతుక్కున్నాక విప్పి, చెయ్యి వేలాడేసుకునేందుకు మెడలో గుడ్డ కట్టారు. తీరా చూస్తే చెయ్యి భుజం ఎత్తుకు వచ్చి ఆడనే నిలబడిపోయింది. ఇట్లాగే వదిలేస్తే పెద్దయ్యాక తన జడ తాను వేసుకోవడానికి కూడా ఇబ్బంది పడుతుందని, ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చూసే ప్రేమలత మేడం చెప్పింది. ఆ మాట విన్న రోజు రామక్క అన్నం తినలేదు.

రోజూ హిందూపురం తీసుకుపోవాలంటే చేను పడావు పెట్టుకోవాల్సిందే. అందుకని మేడమే ఒక దారి చూపింది. రోజూ పొద్దున తాను వీడియో కాల్ చేస్తుంది, పిల్ల చేస్తుంటే చూసి తప్పులు దిద్దుతుంది. అయితే నల్లగుట్టపల్లిలో ఇళ్ల దగ్గర ఫోను మోగడమే గొప్ప, ఇంక అందులో మనిషి బొమ్మ కనబడేదెక్కడ. ఊరి బయట, ధర్మవరం నుంచి పెనుకొండకు పోయే రోడ్డు మీది కల్వర్టు దగ్గర మాత్రం సిగ్నలు నిండుగా ఉంటుంది.

ఆ రోడ్డు మీద ధర్మవరం నుంచి హిందూపురానికి పోయే ఎక్స్‌ప్రెస్ బస్సు ఒకటుంది. నల్లగుట్టపల్లి దగ్గర దానికి స్టాపు లేదు. ఊరివాళ్లు ఏళ్ల తరబడి చేతులెత్తి, తువ్వాళ్లు ఊపి, తిట్టి చూశారు. అది దుమ్ము తప్ప ఇంకేమీ ఇచ్చి పోలేదు.

మొదటిరోజు భవాని కల్వర్టు గోడకు ఇవతల నిలబడింది. రంగప్ప ఎదురుగా ఫోను పట్టుకున్నాడు. చెయ్యి పక్కకు చాపి నిదానంగా పైకెత్తమని మేడం చెప్పింది. భవాని పళ్లు బిగబట్టి, కళ్లనీళ్లు పెట్టుకుని, పట్టలేనంత నొప్పిని మొహమంతా పూసుకుని ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఎక్స్‌ప్రెస్ వచ్చింది.

డ్రైవరు గోవిందప్పకు కనిపించింది ఇదీ: మెడలో చేతిని వేలాడదీసే గుడ్డతో ఒక ఆడపిల్ల ఏడుస్తూ బస్సుకు చెయ్యి చాపుతోంది, ఎదురుగా తండ్రి ఫోన్లో ఎవరికో గోడు చెప్పుకుంటున్నాడు. గోవిందప్పకూ ఆ వయసు మనవరాలుంది. కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది.

కండక్టరు తల బయటపెట్టి, "యాడికప్పా? బిరీన ఎక్కండి, పాపకు బాగలేనట్టుండాది," అన్నాడు.

మేము ఆపలేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. కానీ కిటికీలన్నిటి నుంచీ జనం తననే చూస్తున్నారు. రంగప్ప "పెనుకొండ," అని కూతురిని ఎత్తుకుని ఎక్కేశాడు.

అవతల ప్రేమలత మేడానికి తెరమీద మొదట బస్సు పైకప్పు, ఆ తర్వాత ఎవరిదో చంక, ఆ తర్వాత ఒక కొత్తిమీర కట్ట కనిపించాయి.

"రంగప్పా, పాప ఎక్కడ?"

"బస్సులో ఉండాది మేడం."

"బస్సు ఎందుకెక్కినారు?"

రంగప్ప కొత్తిమీర కట్టను పక్కకు జరిపాడు. "ఆగింది మేడం," అన్నాడు.

పెనుకొండలో దిగి టీ తాగి, సగం దూరం ఆటోలో, సగం దూరం నడిచి ఇల్లు చేరేసరికి ఎండ నడినెత్తికెక్కింది. జరిగిందంతా విన్న రామక్క, రేపు నిన్ను ఎవరన్నా విమానం ఎక్కమన్నా ఎక్కుతావు అంది. రంగప్ప ఆ మాట కాదనలేకపోయాడు.

అప్పటికే ఊరికి వేరే కథ తెలిసిపోయింది. రంగప్ప ఎక్స్‌ప్రెస్ ఎక్కడం టమోటాలమ్మే కుళ్ళాయమ్మ కళ్లారా చూసింది. సాయంత్రానికల్లా రంగప్పకు డిపోలో మనిషి ఉన్నాడని, పొద్దుగూకేసరికి ఆ మనిషి రామక్క వైపు చుట్టమని తేలింది. అట్లాంటిదేమీ లేదని చెప్పబోతే కుళ్ళాయమ్మ గొంతు తగ్గించి, "చెప్పొద్దులేప్పా. ఇట్లాంటివి బయట చెప్పకూడదు, మాకు తెల్దా," అంది.

మరునాడు తండ్రీకూతుళ్లు కల్వర్టు చేరేసరికి జనం బుట్టలతో, సంచులతో తయారుగా ఉన్నారు. పెనుకొండలో కూలికి పోయేవాళ్లు, హిందూపురంలో పనికి పోయేవాళ్లు, కాలేజీ పిల్లలు. బస్సు దూరంగా కనబడగానే అందరూ చేతులెత్తారు. బస్సు వేగం తగ్గలేదు. గోవిందప్ప ఆ చేతులను ఏనాటి నుంచో చూస్తున్నాడు. భవాని చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది, జనం వెనక పడి కనబడలేదు.

"ఎత్తు పాపా, ఇంకొంచెం ఎత్తమ్మా," అని ఊరంతా ఒక్కసారే బతిమాలింది. భవాని బెదిరిపోయి ఎత్తింది. బస్సు అంత దూరం పోయి ఆగింది. జనం బుట్టలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తారు. ఆ గుంపులో పిల్ల ఎక్కిందో లేదో తెలియని గోవిందప్ప, ఇంతమంది బంధువులు వెంట పోతున్నారంటే జబ్బు గట్టిదేనని బాధపడి, ఆ చెయ్యి లేచినప్పుడల్లా బస్సు ఆపసాగాడు. తాను ఎక్కనవసరం లేనందుకు రంగప్ప మాత్రం ప్రాణం లేచొచ్చినట్టు ఊపిరి పీల్చుకున్నాడు.

అక్కడి నుంచి భవాని రాజ్యం మొదలైంది. చెయ్యెత్తమంటే నిన్నటిదాకా ఇల్లు పీకి పందిరేసిన పిల్ల, ఊరి ప్రయాణం తన భుజం మీద ఆధారపడిందని కనిపెట్టింది. బస్సు మలుపు తిరిగే వేళకు సరిగ్గా నొప్పి వచ్చేది. ఒకరు బొరుగుల ఉండ, ఒకరు చిక్కీ చేతిలో పెడితే పోయేది. కుళ్ళాయమ్మ టమోటా ఇవ్వబోతే, "నాకు టమోటాతో నొప్పి పోదవ్వా," అని చెప్పేసింది. అయితే ఒక సంగతి భవానికి నచ్చలేదు. చెయ్యి ఎంత తక్కువ లేస్తే బస్సు అంత దూరం పోయి ఆగుతోంది. కల్వర్టు ముందరే ఆపించాలన్న పంతంతో, మధ్యాహ్నాలు ఎవరూ చూడకుండా గోడకు వేళ్లు ఆనించి చెయ్యి పైకి పాకించడం మొదలుపెట్టింది. రామక్క దొంగచాటుగా చూసి, కళ్లు తుడుచుకుని, చూడనట్టే పొయ్యి దగ్గరికి పోయింది.

ఫోన్లో చూస్తున్న ప్రేమలత మేడానికి ఇదంతా అద్భుతంగా ఉంది. పాప చెయ్యి చెవి దాటింది. వెనకాల రోజురోజుకూ జనం పెరుగుతున్నారు, పాప ఎత్తితే వాళ్లూ ఎత్తుతున్నారు. రోడ్డు మీదికి మాత్రం రావద్దని హెచ్చరించి, వాళ్లంతా ఎవరని ఆమె అడిగింది.

"ఊరోళ్లు మేడం."

"అందరూ పాప కోసమే వచ్చినారా?"

రంగప్పకు అబద్ధం చేతకాదు. "పాప చెయ్యి కోసం మేడం," అన్నాడు.

ఇంత మంచి ఊరు ఎక్కడా చూడలేదని ఆమె ఆసుపత్రిలో అందరికీ చెప్పుకుంది. చివరి పరీక్ష తానే వచ్చి చేస్తానంది.

ఈలోగా వార్డు మెంబరు వెంకటేష్ ఊరుకోలేదు. కల్వర్టు పక్కన ఒక ఫ్లెక్సీ కట్టించాడు. ఎక్స్‌ప్రెస్ స్టాపు సాధించిన వెంకటేష్ అన్నకు అభినందనలని అందులో ఉంది. అన్న బొమ్మ ఆరడుగులు, ఓ మూల భవాని బొమ్మ అరచేయంత. ఆ ఫ్లెక్సీ ఫొటో ఫోన్ల మీద ఫోన్లు దాటి డిపోకు చేరింది. లేని స్టాపును ఎవరు సాధించారో చూడ్డానికి విజయ్ కుమార్ అనే అధికారి జీపులో వచ్చాడు. అదే పొద్దున ప్రేమలత మేడం కూడా ఆసుపత్రి వ్యానులో దిగింది.

అధికారి వచ్చింది తనను మెచ్చుకోవడానికే అనుకున్న వెంకటేష్ ఆయన మెడలో ఒక బరువైన బంతిపూల దండ వేశాడు. దండ కిందినుంచే విజయ్ కుమార్ అడిగాడు, ఇక్కడ బస్సు ఆపమని ఎవరు చెప్పారని. వెంకటేష్ ఫ్లెక్సీలోంచే తప్పుకుంటున్నట్టు వెనక్కి జరిగి రంగప్పను చూపించాడు. ఎవరూ నోరు విప్పకపోతే డ్రైవరు గోవిందప్పకు మెమో ఇస్తానని, ఉద్యోగానికే ముప్పు వస్తుందని అధికారి అన్నాడు.

ఊరంతా రంగప్ప వైపు తిరిగింది. అతను కూతురు చెయ్యి పట్టుకున్నాడు.

"సారూ, ఆ బస్సును ఎవరూ ఆపమనలేదు. మా పాప చెయ్యెత్తింది. బస్సు కోసరం కాదు, చెయ్యి బాగయ్యేకి ఎత్తింది. ఆయప్ప జాలిపడి ఆపినాడు. మొదటిరోజే ఇది కాదని నేను చెప్పాల్సింది, నాకు నోరు రాలేదు. మెమో ఏదన్నా ఉంటే నాకియ్యండి."

రంగప్ప నోట అన్ని మాటలు ఒక్కసారి వినడం ఊరికి అదే మొదలు. కుళ్ళాయమ్మ టమోటా బుట్ట దించి దాని పక్కనే కూలబడింది. ప్రేమలత మేడానికి జనం రోజూ ఎందుకొచ్చారో అప్పుడు అర్థమై, నవ్వాలో కోప్పడాలో తెలియక భవాని వైపు చూసింది. భవాని చిక్కీ నములుతోంది.

విజయ్ కుమార్ కాస్త మెత్తబడ్డాడు గానీ రూలు రూలే అన్నాడు. రేపటి నుంచి కాదు, ఈరోజు నుంచే ఎక్స్‌ప్రెస్ ఇక్కడ ఆగదు, ఫ్లెక్సీ దించెయ్యండి అని చెప్పి దండ తియ్యబోయాడు. కుడిచెయ్యి భుజం దాకా లేచి ఆగిపోయింది. మొహం వంకరపోయింది.

ప్రేమలత మేడం అది చూసింది. భుజం ఎన్నాళ్లుగా పట్టేసిందని అడిగింది. ఆయన ఏమీ లేదన్నాడు. తల దువ్వుకుంటున్నది ఎడమచేత్తోనా అని అడిగింది. ఆయన ఎడమచెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఆమె ఆయన మోచెయ్యి పట్టుకుని కల్వర్టు గోడ దగ్గరికి నడిపించింది. భవాని ఆయన ముందు నిలబడి ఎట్లా ఎత్తాలో చూపించింది.

"నొప్పిగా ఉన్నా ఎత్తాల సార్. ఏడిస్తే మేడం ఒప్పుకోదు."

విజయ్ కుమార్ ఎత్తాడు. అలవాటు కొద్దీ ఊరంతా, "ఎత్తు సారూ, ఇంకొంచెం," అని బతిమాలింది. కళ్లనీళ్లు తిరిగాయి గానీ చెయ్యి భుజం దాటింది, చెవి దాకా వచ్చింది. మేడం అలాగే ఉంచమంది.

మలుపులో ఎక్స్‌ప్రెస్ కనిపించింది.

కల్వర్టు దగ్గర అధికారి కాపు కాస్తున్నాడని గోవిందప్పకు ముందే ఫోను వచ్చింది. ఈరోజు ఎవరు చెయ్యెత్తినా ఆపేది లేదని గట్టిగా అనుకునే వస్తున్నాడు. తీరా చూస్తే మెడలో దండతో అధికారే చెయ్యెత్తి నిలబడ్డాడు, కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు. గోవిందప్ప బ్రేకు తొక్కిన తొక్కుకు బస్సు సరిగ్గా కల్వర్టు ముందర ఆగింది. కుళ్ళాయమ్మ మొదలుకుని కాలేజీ పిల్లల దాకా ఎవరూ ఆలోచించలేదు, అందరూ ఎక్కేశారు.

గోవిందప్ప దిగొచ్చి దండం పెట్టాడు. చెయ్యి దించమని మేడం ఇంకా చెప్పలేదు కాబట్టి అధికారి అలాగే నిలబడి, ఎందుకాపినావని అడిగాడు.

"మీరు ఎత్తినారు కద సార్. వేరేవాళ్లు ఎత్తితే ఆపినందుకు మెమో, మీరు ఎత్తితే ఆపకుంటే మెమో. నేను యా మెమో తీసుకోవాల సార్?"

బస్సులోని జనమంతా కిటికీల్లోంచి విజయ్ కుమార్‌నే చూస్తున్నారు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఈడ బండి బాగా ఆగుతాదా లేదా అని చూస్తాండా. బాగానే ఆగింది. పో," అన్నాడు.

అందరి ముందూ ఆ మాట అన్నాక, చూసిన సంగతి ఆయన కాగితం మీద పెట్టక తప్పలేదు. కొద్దిరోజులకు నల్లగుట్టపల్లి దగ్గర ఎక్స్‌ప్రెస్ ఆగవచ్చునని ఉత్తర్వు వచ్చింది. వెంకటేష్ ఇంకా పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. రోజూ పొద్దున ప్రేమలత మేడం ఫోన్లో ఇప్పుడు విజయ్ కుమార్ తన ఇంటి గోడ ముందు నిలబడి కనిపిస్తాడు. భవాని చెయ్యి నూటికి నూరుపాళ్లూ బాగైందని, నిటారుగా పైకి లేస్తోందని ఆమె చీటీ రాసిచ్చింది.

బడిలో టీచరు ప్రశ్న అడిగినప్పుడు మాత్రం ఆ చెయ్యి ఇప్పటికీ లేవడం లేదట.